కరిన్యాన్

కరిన్యాన్ పశ్చిమ ఆఫ్రికాలోని మాండే ప్రజలు వాడే ఇనుప గీరుడు వాద్యం. గాట్లు పెట్టిన చిన్న ఇనుప గొట్టాన్ని ఒక చేత పట్టుకొని, రెండవ చేతిలోని సన్నని ఇనుప చువ్వతో దానిని గీరి ధ్వని పుట్టిస్తారు. మాలి దేశపు దక్షిణ భాగంలోను, గినీ, ఐవరీ కోస్ట్ దేశాలలో దానికి ఆనుకొని ఉన్న ప్రాంతాలలోను ఇది వినిపిస్తుంది. దీనికి స్వరాలు లేవు. ఒంటరిగా వాయించి వినిపించే వాద్యం కూడా కాదు. వేటగాళ్ళ వీరగాథలు పాడే గాయకుని ప్రక్కన, వస్సులూ ప్రాంతపు గాయనుల వెనుక, పాట సాగినంతసేపు ఆగకుండా లయను నిలబెట్టడమే దీని పని. ఆ పని ఎంత ముఖ్యమైనదంటే, మాండే వీరగాథలకు ఛందస్సు అక్షరాలలో కాక వాద్యంలో ఉంటుంది. వాద్యాన్ని విడదీసి మాటలను మాత్రమే వ్రాసుకొంటే మిగిలేది కథ మాత్రమే.

పేరు

"కరిన్యాన్" అనే పేరును ప్రాంతాన్ని బట్టి కరిన్యా, ఎన్‌కరిన్యాన్, నరిన్యా మొదలైన రూపాలలో పలుకుతారు. మాలిలో ఎక్కువమంది మాట్లాడే బామన భాషలో ఇనుమును "నెగె" అంటారు. ఇనుముతో చేసిన చిన్న వాద్యాలను కూడా ఆ పేరుతోనే పిలవడం కలదు. గాంబియా, సెనెగల్ ప్రాంతపు మాండింక భాషలో ఇటువంటి ఇనుప గొట్టానికి "నేవో" అని పేరు. దీనికి కూడా ఇనుము అనియే అర్థం. లోహం పేరే వాద్యానికి పేరు కావడం మనకు క్రొత్త కాదు. సంస్కృతంలో కంచు తాళాలను "కాంస్యతాళం" అని వ్యవహరించారు.

ఒక భేదాన్ని గమనించవలెను. వంశపారంపర్య గాయకులైన జెలి కులపు స్త్రీలు పట్టుకొనే ఇనుప గొట్టం సాధారణంగా నున్నగా ఉంటుంది. దానిని చువ్వతో కొట్టి మ్రోగిస్తారు. వేటగాళ్ళ గానంలోను, వస్సులూ పాటలలోను వాడే కరిన్యాన్‌కు గాట్లు ఉంటాయి. దానిని గీరి మ్రోగిస్తారు. మొదటిది గంటకు దగ్గర, రెండవది ఆకురాయికి దగ్గర.

నిర్మాణం

కరిన్యాన్ తయారుచేసేవాడు కమ్మరి. ఇనుప రేకును వేడిచేసి, దాగలిపై సుత్తెతో కొట్టి గొట్టంగా చుడతాడు. రేకు అంచులు పూర్తిగా కలియకుండా నిలువునా సన్నని సందు వదలడం వలన గొట్టం బిగుసుకొని పోక స్వేచ్ఛగా కంపిస్తుంది. గొట్టం పొడవు సాధారణంగా జానెడు, అంతకు కొంచెం ఎక్కువ. దాని పైభాగాన ఉలితో అడ్డంగా, దగ్గరదగ్గరగా గాట్లు కొడతాడు. గాట్ల మధ్య మిగిలిన మిట్టలే వాద్యానికి పళ్ళు. గీరడానికి వాడే చువ్వ పెన్సిలు కంటె సన్నగా, తేలికగా ఉంటుంది. కొన్నింటికి వ్రేలికి తగిలించుకొనేందుకు చిన్న ఉంగరం కూడా అతుకుతారు.

మాండే సమాజంలో కమ్మరులను "నుము" అంటారు. వీరిది ప్రత్యేకమైన వృత్తి కులం. పురుషులు ఇనుప పని, కొయ్య చెక్కడం చేస్తే, ఆ కుటుంబాల స్త్రీలు కుండలు చేస్తారు. నిప్పుతోను, ఇనుముతోను పనిచేసే వీరికి "న్యామ" అనే శక్తిని అదుపు చేయగల నేర్పు ఉన్నదని జనుల నమ్మకం. నాగలి కర్రు, వేటకత్తి, తుపాకి భాగాలు, పూజకు వాడే ఇనుప దీపస్తంభాలు, ఈ చిన్న గీరుడు గొట్టం, అన్నీ ఒకే కొలిమి నుండి వస్తాయి. అమెరికా పరిశోధకుడు ప్యాట్రిక్ మెక్‌నాటన్ మాలి కమ్మరుల వద్ద పని నేర్చుకొని వారి విద్యపై వ్రాసిన గ్రంథం 1988లో వెలువడినది.

పశ్చిమ ఆఫ్రికాలో ఇనుమును కరిగించే విద్య చాలా ప్రాచీనమైనది. బుర్కినా ఫాసోలోని పురాతన ఇనుప కొలుముల స్థలాలను 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. వాటిలో దూరూలా అనే చోట క్రీ.పూ. 8వ శతాబ్దం నాటి ఆనవాళ్ళు దొరికాయి. తెలంగాణలోని బృహచ్ఛిలాయుగపు సమాధులలో ఇనుప పనిముట్లు దొరకడం, నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం మేలిరకపు ఉక్కుకు పేరుపొందడం పాఠకులకు తెలిసినవే. రెండు నేలలలోను కొలిమి పాతది. అయితే అక్కడి కమ్మరి గీరుడు గొట్టాన్ని చేశాడు. మన నేలలో గీరే ఇనుప వాద్యం కాక, తాకించే లోహపు కడియాలు, తాళాలు వృద్ధి చెందాయి.

వాయించు విధానం

వాయించేవారు గొట్టాన్ని ఎడమచేతి వ్రేళ్ళతో వదులుగా పట్టుకొంటారు. గట్టిగా పిడికిట బిగిస్తే ధ్వని చచ్చిపోతుంది. కుడిచేతి చువ్వను పళ్ళ వెంట పొడవుగా లాగితే దీర్ఘమైన గరగర ధ్వని, కొంచెం దూరమే లాగి ఆపితే పొట్టి ధ్వని వస్తుంది. చువ్వతో అంచున కొడితే టంగుమనే మూడవ ధ్వని కూడా వస్తుంది. గొట్టాన్ని అరచేతికి దగ్గర చేసి, దూరం చేసి ధ్వనిని మూయవచ్చును, తెరవవచ్చును.

ప్రపంచంలోని గీరుడు వాద్యాలలో తరచు వినిపించే అమరిక ఒక దీర్ఘ గీత, తరువాత రెండు పొట్టి గీతలు. తెలుగు ఛందస్సు చదువుకొన్నవారు దీనిని సులభంగా గుర్తిస్తారు. ఒక గురువు, రెండు లఘువులు కలిస్తే భగణం. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒక మాత్ర చొప్పున మొత్తం నాలుగు మాత్రలు. మూడేసి మాత్రల నడకలో ఒక దీర్ఘం, ఒక హ్రస్వం వాయిస్తే అది హగణం. ఈ విధంగా మనకు తెలిసిన గుర్తులతోనే ఆ లయను కాగితంపై వ్రాసుకొనవచ్చును.

ధ్వని పుట్టుక

చువ్వ ఒక పంటి మీది నుండి తరువాతి పంటి మీదికి దూకిన ప్రతిసారి ఒక చిన్న దెబ్బ పుడుతుంది. దెబ్బలు విడివిడిగా వినబడనంత వేగంగా వస్తే అవి కలిసిపోయి గరగర ధ్వని అవుతుంది. ఉదాహరణకు గొట్టంపై 40 పళ్ళు ఉండి, చువ్వను ఒక చివర నుండి మరొక చివరకు అర క్షణంలో, అనగా సెకనులో సగం కాలంలో లాగితే, సెకనుకు 80 దెబ్బల వేగం వస్తుంది. పావు సెకనులో లాగితే 160. కనుక చేయి వేగం పెరిగిన కొద్దీ ధ్వని పదునెక్కినట్లు వినబడుతుంది. దీనితో పాటు ప్రతి దెబ్బకు గొట్టం తన సహజమైన శ్రుతిలో మ్రోగుతుంది. చేతి వేగం వలన కలిగేది ఒకటి, ఇనుప గొట్టం స్వభావం వలన కలిగేది మరొకటి, ఈ రెండూ కలిసినదే కరిన్యాన్ ధ్వని.

ఇనుము ధ్వనిలో పై స్థాయి కంపనాలు ఎక్కువ. వీణ వంటి తీగ వాద్యాల ధ్వని, మనిషి గొంతు ఎక్కువగా మధ్య స్థాయిలోను, డప్పులు క్రింది స్థాయిలోను ఉంటాయి. అందువలన ఇంత చిన్న ఇనుప ముక్క పాటను కప్పివేయకుండానే ఆరుబయట గుంపులో అందరికీ వినబడుతుంది.

వర్గీకరణ

భరతుని నాట్యశాస్త్రం వాద్యాలను తత, సుషిర, అవనద్ధ, ఘన అని నాలుగు విధాలుగా విభజించినది. తీగలవి తతములు, గాలితో మ్రోగేవి సుషిరములు, చర్మం మూసినవి అవనద్ధములు, తమంత తాముగా మ్రోగే గట్టి పదార్థం గలవి ఘనములు. ఈ లెక్కన కరిన్యాన్ ఘన వాద్యం.

పాశ్చాత్య దేశాలలో వాడుకలో ఉన్న వర్గీకరణకు కూడా మూలం ఇక్కడే ఉన్నది. 19వ శతాబ్దంలో కలకత్తాకు చెందిన శౌరీంద్ర మోహన్ ఠాకూర్ భారతీయ వాద్యాలను బెల్జియం రాజుకు కానుకగా పంపారు. బ్రస్సెల్సు వాద్య ప్రదర్శనశాల అధిపతి విక్టర్ మహియోన్ భారతీయ పద్ధతిని అనుసరించి నాలుగు తరగతుల విభజన చేశాడు. దానిని విస్తరించి హార్న్‌బోస్టెల్, సాక్స్ అనే ఇద్దరు పండితులు 1914లో సంఖ్యలతో కూడిన పట్టికను ప్రచురించారు. ఆ పట్టికలో గీరి మ్రోగించే గొట్టాలకు 112.22 అనే సంఖ్య ఇచ్చారు. కరిన్యాన్ ఆ గడిలోకే వస్తుంది.

రాపిడితో మ్రోగే ప్రతి వాద్యం గీరుడు వాద్యం కాదు. అనంతపురం ప్రాంతపు ఉరుమును వంపు పుల్లతో రుద్ది మ్రోగిస్తారు. అక్కడ మ్రోగేది చర్మం, పళ్ళు ఉండవు. కనుక అది అవనద్ధ వాద్యమే.

వేటగాళ్ళ గానంలో

మాండే ప్రజలలో వేటగాళ్ళను "దొన్‌సో" అంటారు. వీరికి పురాతనమైన సంఘాలు ఉన్నాయి. పుట్టుకతో నిమిత్తం లేకుండా ఏ కులంవారైనా వీటిలో చేరవచ్చును. వేటగాళ్ళ గాయకుడు కూడా జెలివలె వంశపారంపర్యంగా కాక, నేర్చుకొని ఆ స్థానానికి వస్తాడు. అతడు సొరబుర్రతో చేసిన పెద్ద తీగ వాద్యం మీటుతాడు. బామనులలో దీనిని దొన్‌సో న్గోనీ అంటారు, దీనికి ఆరు తీగలు. మనింక ప్రజల సింబికి ఏడు తీగలు. వేటగాడు మరణించినప్పుడు, సంఘం కూడినప్పుడు, పెద్ద మృగాన్ని వేటాడినప్పుడు ఈ గానం జరుగుతుంది. రాత్రి మొదలుపెట్టిన కథ తెల్లవారే వరకు సాగడం కూడా కలదు.

గాయకుని ప్రక్కన సాధారణంగా ఇద్దరు ఉంటారు. ఒకరు ప్రతి పంక్తి చివర "నాము" అని పలుకుతారు. "నిజం", "అవును" అని దాని భావం. ఇది అరబ్బీ భాష నుండి వచ్చిన మాట. మరొకరు కరిన్యాన్ గీరుతారు. ఎక్కువగా ఇది శిష్యుని పని. గానవిద్య నేర్చుకొనదలచినవాడు ముందుగా ఏళ్ళ తరబడి గురువు ప్రక్కన ఇనుప గొట్టం గీరుతూ కూర్చుంటాడు. చేయి లయలో ఉండగా చెవి కథను పట్టుకొంటుంది. ఈ విధంగా కరిన్యాన్ వాద్యం మాత్రమే కాక పాఠశాల కూడా.

ఈ గీరుడుకు ఛందస్సుతో ఉన్న సంబంధం తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించగలదు. మన ద్విపదలో ప్రతి పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉండవలెను. ఏ వాద్యం లేకుండా పుస్తకం తెరచి చదివినా ఆ నడక తెలిసిపోతుంది. మాండే వీరగాథలలో పంక్తికి ఇన్ని అక్షరాలనీ, ఇన్ని గణాలనీ నియమం లేదు. ఒక పంక్తిలో నాలుగు మాటలు, తరువాతి పంక్తిలో పదిహేను మాటలు ఉండవచ్చును. వాటిని ఒకే కొలతలో నిలిపేది వాద్యపు ఆవర్తం. గాయకుడు మాటలను కుదించి, సాగదీసి, పరుగెత్తించి ఆ ఆవర్తంలో ఇముడుస్తాడు. ఈ విషయాన్ని అమెరికా భాషాశాస్త్రవేత్త చార్లెస్ బర్డ్ వివరించారు. ఆయన 1968లో మాలిలో సేదు కమరా అనే ప్రసిద్ధ వేటగాళ్ళ గాయకుడు పాడిన "కంబిలి" గాథను ధ్వనిముద్రణ చేయగా, దాని ఆంగ్లానువాదం 1974లో ఇండియానా విశ్వవిద్యాలయం నుండి వెలువడినది. అచ్చులో అది రెండు వేలకు పైగా పంక్తుల కావ్యం. ఆ పంక్తులు ఎక్కడ విరుగుతాయో నిర్ణయించినది మాత్రం కాగితం మీద కనబడని తీగ, ఇనుము.

వస్సులూ సంగీతంలో

వస్సులూ అనునది మాలి, గినీ, ఐవరీ కోస్ట్ దేశాలు కలిసే చోట ఉన్న ప్రాంతం. 1950-60 దశకాలలో ఇక్కడి యువకులు వేటగాళ్ళ న్గోనీని పోలిన, హెచ్చు శ్రుతి గల చిన్న వాద్యాన్ని చేసుకొన్నారు. దీనికి కమలె న్గోనీ, అనగా యువకుల న్గోనీ అని పేరు. దీనిని ప్రచారంలోకి తెచ్చినవారిలో అల్లాతా బ్రులాయె సిదిబే ముఖ్యుడు. వేటగాళ్ళ వాద్యాన్ని వినోదానికి వాడడాన్ని మొదట పెద్దలు మెచ్చలేదు. కరిన్యాన్ కూడా వేట గానం నుండి ఈ క్రొత్త సంగీతంలోకి వచ్చినది.

ఈ సంగీతానికి పేరు తెచ్చినవారు ఎక్కువగా స్త్రీలు. కుంబా సిదిబే, సాలి సిదిబే, నహావా దుంబియా, ఊమూ సంగారే వారిలో ప్రసిద్ధులు. 1968లో బమాకోలో జన్మించిన ఊమూ సంగారే తొలి సంపుటి "ముసోలూ" 1989లో వెలువడినది. ఆ మాటకు "స్త్రీలు" అని అర్థం. బహుభార్యాత్వాన్ని, బలవంతపు పెళ్ళిళ్ళను విమర్శించే ఆమె పాటలు క్యాసెట్ల ద్వారా, రేడియో ద్వారా పశ్చిమ ఆఫ్రికా అంతటా వ్యాపించాయి. వస్సులూ పాటలలో ఇనుప గీరుడుతో పాటు గవ్వలు అల్లిన సొరబుర్రను కూడా వాయిస్తారు. వినేటప్పుడు గొంతును, న్గోనీని కొంతసేపు ప్రక్కన పెట్టి, పై స్థాయిలో సన్నగా సాగే గరగరను పట్టుకొంటే కరిన్యాన్‌ను గుర్తించవచ్చును.

ఇతర దేశాలలోని గీరుడు వాద్యాలు

కరిన్యాన్‌ను పోలిన వాద్యాలు అట్లాంటిక్ సముద్రానికి రెండు వైపులా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి:

* ఫెర్రిన్యో: పశ్చిమ ఆఫ్రికా తీరానికి ఆవల ఉన్న కేప్ వర్డె దీవులలో, శాంటియాగో ద్వీపపు ఫునానా సంగీతంలో వాడే ఇనుప కడ్డీ. కత్తితోనో, మరొక లోహపు ముక్కతోనో గీరుతారు.
* గ్వీరా: డొమినికన్ రిపబ్లిక్‌లో మెరెంగే సంగీతానికి వాడే చిల్లుల రేకు గొట్టం.
* గ్వీరో: క్యూబా, పోర్టోరికోలలో గాట్లు పెట్టిన సొరబుర్ర.
* రెకో రెకో: బ్రెజిల్ దేశపు గీరుడు వాద్యం. వెదురుతోను, లోహపు స్ప్రింగులతోను చేస్తారు. హిందీ చలనచిత్ర రంగంలో దీనిని "రెసో రెసో" అంటారు. రాహుల్ దేవ్ బర్మన్ వాద్యబృందంలో అమృత్‌రావ్ కాట్కర్ దీనిని వాయించేవారు.
* రంపం: బహామా దీవులలో వడ్రంగి చేతిరంపాన్నే వంచి, పళ్ళను గీరి వాయిస్తారు.
* ఫ్రొత్వార్: అమెరికాలోని లూసియానా ప్రాంతపు జైడెకో సంగీతంలో భుజాలకు తగిలించుకొనే ముడుతల రేకు. బట్టలు ఉతికే రేకు పలక దీనికి మూలం.

చివరి దాని చరిత్ర పారిశ్రామిక ప్రాంతాలవారు తెలుసుకొనదగినది. 1946లో టెక్సస్ రాష్ట్రపు పోర్ట్ ఆర్థర్‌లో గాయకుడు క్లిఫ్టన్ షెనియర్, చమురుశుద్ధి కర్మాగారంలో లోహపు పని చేసే విల్లీ లాండ్రీకి తనకు కావలసిన ఆకారాన్ని వివరించి చెప్పగా, లాండ్రీ భుజపట్టీలు గల రేకు కవచాన్ని తయారుచేశాడు. క్లిఫ్టన్ అన్న క్లీవ్‌లండ్ దానిని వాయించేవాడు. మాలిలో పల్లె కమ్మరి చేసిన పనిని అక్కడ కర్మాగారపు కార్మికుడు చేశాడు. లోహం తెలిసిన చేయి, పాట తెలిసిన మనిషి కలిసినప్పుడే ఇటువంటి వాద్యాలు పుడతాయి.

తెలుగునాట పోల్చదగిన వాద్యాలు

గాట్లు పెట్టిన ఇనుప గొట్టాన్ని గీరే వాద్యం తెలుగు జానపద సంప్రదాయంలో ప్రచారంలో లేదు. కాని కరిన్యాన్ చేసే పనిని, అనగా కథకుని ప్రక్కన లోహధ్వనితో లయ నిలపడాన్ని, చేసే వాద్యాలు ఉన్నాయి.

అందెలు: శారదకథలోను, బుర్రకథలోను కథకుడు తంబురా మీటుతూ, బొటనవ్రేలికి తొడుగుకొన్న బోలు లోహపు కడియాన్ని మిగిలిన వ్రేళ్ళతో పట్టుకొన్న మరొక కడియానికి తాకిస్తాడు. ఇవే అందెలు. ఘనా దేశపు అకాన్ ప్రజలు వాడే ఫిరికివా దీనికి చాలా దగ్గర. అందులో బొటనవ్రేలికి ఇనుప ఉంగరం, నడిమి వ్రేలికి బోలు ఇనుప గుల్ల తొడుగుకొని ఒకదానితో ఒకటి తాకిస్తారు.

చిరుతలు: తెలంగాణ పల్లెలలోని చిరుతల రామాయణంలో ఆటగాళ్ళందరి చేతులలోను ఉండే కొయ్య పలకలు. వీటికి చిన్న లోహపు బిళ్ళలు అమర్చుతారు. హరిదాసుల చిడతలు కూడా ఈ జాతివే.

ధన్‌కుల్: తెలంగాణకు పొరుగున ఉన్న బస్తరు ప్రాంతపు జాగర గానంలో స్త్రీలు వాయించే వాద్యం. కుండపై చేట, దానిపై విల్లు ఉంచి, విల్లు కర్రపై ఉన్న గాట్లను వెదురు పుల్లతో గీరుతారు. ఇది లోహం కాకపోయినా, గీరుడు వాద్యాలలో మనకు మిక్కిలి సమీపంలో ఉన్నది ఇదే. ఇక్కడ కూడా రాత్రుల తరబడి సాగే కథాగానానికి గీరుడే ఆధారం.

బుర్రకథలో వంతలు "తందాన తాన" అనడం, మాండే గానంలో "నాము" అనడం ఒకే అవసరం నుండి పుట్టినవి. కథకుడు ఊపిరి తీసుకొనేందుకు వ్యవధి కావలెను. వినేవారి తరఫున ఒకరు కథను ఒప్పుకొంటూ ఉండవలెను. షేక్ నాజర్ (1920-1997) వంటి కథకుల పేర్లు అందరికీ తెలుసు. ఆయనకు 1986లో పద్మశ్రీ లభించినది. ప్రక్కన గుమ్మెట పట్టిన వంతల పేర్లు తెలిసినవారు చాలా తక్కువ. కరిన్యాన్ వాయించేవారి సంగతి కూడా ఇంతే.

ఆఫ్రికా సంగీతం అనగానే హైదరాబాదు వారికి మర్ఫా గుర్తుకు వస్తుంది. నిజాము సైన్యంలోని ఆఫ్రికన్ అశ్వికదళం పేరు మీదనే ఏ.సి. గార్డ్స్ అనే పేట ఏర్పడినది. అయితే ఆ సిద్దీల పూర్వికులు తూర్పు ఆఫ్రికావారు. మర్ఫాలో ప్రధానమైనవి చర్మ వాద్యాలు. కరిన్యాన్ పుట్టిన మాండే ప్రాంతం ఖండానికి మరొక ప్రక్కన ఉన్నది.

సంగారెడ్డి ప్రాంతం, మాలి

సంగారెడ్డి జిల్లాకు మాలి దేశంతో ఉన్న సంబంధం సంగీతం ద్వారా వచ్చినది కాదు, ధాన్యం ద్వారా వచ్చినది. 1972లో పటాన్‌చెరు వద్ద స్థాపించిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ (ఇక్రిశాట్) మాలి రాజధాని బమాకో సమీపంలోని సమాంకోలోను, నైజర్ దేశంలోని సదోరేలోను పరిశోధనా కేంద్రాలను నెలకొల్పినది. జొన్న, సజ్జ, వేరుశనగ రెండు ప్రాంతాలకు ఉమ్మడి పంటలు. సజ్జ అసలు ఆ నేల నుండే మన దేశానికి వచ్చినది. మాలి ఉత్తర భాగంలోని తిలెమ్సి లోయలో క్రీ.పూ. 2500 ప్రాంతపు సాగు సజ్జల ఆనవాళ్ళు దొరికాయి. వేల సంవత్సరాల క్రితం ధాన్యం ప్రయాణం చేసినది. ఆ ధాన్యం తిని పాడినవారి పాటలు, వాద్యాలు మాత్రం ఎక్కడివక్కడే వేరువేరుగా పెరిగాయి.

సంగారెడ్డి జిల్లాలోనే ఝరాసంగం మండలం మాచనూరులో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరులో ప్రారంభమైనది. విత్తనాలు, వంటలు, వైద్యంతో పాటు చుట్టుప్రక్కల పల్లెల పాటలను వారే ముద్రించి ప్రసారం చేయసాగారు. మాలిలో కూడా 1991లో సైనిక పాలన ముగిసిన తరువాత స్థానిక రేడియోలు పెద్ద సంఖ్యలో వెలిశాయి. పండితుడు వచ్చి మాటలు వ్రాసుకొని పోయే పద్ధతికి, ఊరివారే తమ పాటను వాద్యంతో సహా ముద్రించుకొనే పద్ధతికి భేదం ఉన్నది. మొదటి దానిలో గీరుడు, అందె, చిరుత జారిపోతాయి. రెండవ దానిలో నిలుస్తాయి.

పాఠశాలలో ప్రయోగం

పటాన్‌చెరు, పాశమైలారం వంటి పారిశ్రామిక ప్రాంతాలలో జానెడు ఇనుప గొట్టం ముక్క దొరకడం కష్టం కాదు. లోహపు పని తెలిసిన పెద్దవారి చేత దానిపై మూడు, నాలుగు మిల్లీమీటర్ల ఎడంతో అడ్డంగా గాట్లు పెట్టించి, అంచులను ఆకురాయితో నున్నగా చేయిస్తే గీరుడు వాద్యం సిద్ధమవుతుంది. సైకిలు చక్రపు పుల్లతో దానిని గీరవచ్చును. దీనితో విద్యార్థులకు మూడు సంగతులు బోధపరచవచ్చును:

# వేగం పెంచితే దెబ్బల సంఖ్య పెరగడం, ధ్వని మారడం (భౌతికశాస్త్రం).
# గురులఘువులను చెవితో గుర్తించడం (తెలుగు ఛందస్సు). ఒక విద్యార్థి భగణం వాయిస్తుండగా మరొకరు వచనాన్ని ఆ లయలో ఇమిడ్చి చదవవలెను. మాండే గాయకుడు చేసే పని ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.
# ఘన వాద్యాలకు, అవనద్ధ వాద్యాలకు గల భేదం (సంగీతం).

పరిరక్షణ

కరిన్యాన్ నశించిపోయిన వాద్యం కాదు. కాని సంగీతశాలలలో పాటలు ముద్రించేటప్పుడు ఇటువంటి చిన్న లయవాద్యాల స్థానాన్ని విద్యుత్ యంత్రాలు సులభంగా ఆక్రమించగలవు. యంత్రం లయను తప్పదు. అయితే అది గాయకుని ఊపిరిని వినదు. గాయకుడు మాట సాగదీసినప్పుడు ఒక్క వెంట్రుకవాసి ఆగి అందుకొనే చేయి యంత్రానికి లేదు. పైగా ఆ గొట్టం గీరుతూ కూర్చున్న శిష్యుడే రేపటి గాయకుడు. అతని స్థానం పోతే పాఠశాల పోయినట్లే.

మన శారదకథ, చిరుతల రామాయణం వంటివి నమోదు చేసేవారికి కూడా ఇది వర్తిస్తుంది. కథ మాటలతో పాటు ఈ వివరాలు వ్రాసి ఉంచుట మేలు: చేతి వాద్యం స్థానికమైన పేరు, అది ఏ లోహం, ఎవరు తయారుచేశారు, ఏ చేత ఎట్లు పట్టుకొంటారు, కథలో ఎక్కడ ఆపుతారు, ఎక్కడ వేగం పెంచుతారు, వాయించినవారి పేరు. కథకుని పేరు ఎట్లైనను నిలుస్తుంది. ప్రక్కవాద్యం పేరు, ప్రక్కవారి పేరు ఎవరో ఒకరు వ్రాస్తేనే నిలుస్తాయి.

ఇవి కూడా చూడండి

* ఘన వాద్యాలు
* అందెలు
* బుర్రకథ
* శారదకథ
* చిరుతల రామాయణం
* ద్విపద
* మాలి
* ఇక్రిశాట్